పిట్టల కాళ్ళ చీటీలు

మా తాతకు తాత పిట్టల దొరగారి దగ్గర హెడ్ మేస్త్రీ. ఆయన కొడుకు, అంటే మా ముత్తాత, రేవులో బియ్యం గోదాములకు పెద్ద గుమాస్తా. ఇంగ్లీషు వాళ్ళ ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని మాట్లాడే తెలుగువాళ్ళు ఆ రోజుల్లో రంగంలో, అంటే రంగూన్‌లో, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మా తాత మా పేట చిమిండైంగ్‌లో రామమందిరానికి ధర్మకర్త. పెళ్ళి తగువైనా ఆస్తి తగువైనా మా అరుగు మీదికి వచ్చేది. మా నాన్న ఆ మందిరం తాళాలు అందుకున్నాడు. కొన్నాళ్ళకు తాళాలే మిగిలాయి. నేను ఓడ సరుకుల కంపెనీలో టైపిస్టుగా చేరి, టైపిస్టుగానే బయటికి వచ్చాను. ఇప్పుడు మా అక్కా నేనూ ఉన్నాం. మా తరవాత ఎవరూ లేరు.

ఈ మర్యాదంతా మొదలైంది ఆ దొరగారితోనే. మా ఇంట్లో ఆయన జీవితాన్ని పిల్లలకు కథలా చెప్పేవారు కాదు, మా వంశంలో ఒకరి సంగతి చెప్పినట్టు చెప్పేవారు. విక్టోరియా రాణి ఏలుబడిలో ఓడ మీద డాక్టరుగా వచ్చాడట. తండ్రి స్కాట్లండులో చర్చి పాదిరీ. కొడుకు మాత్రం మందుల పెట్టె మూసి, తుపాకీ, వల పట్టుకుని తిరిగేవాడు. ఓడ కొలువు వదిలేసి సర్కారు వారి జంతుశాస్త్రం కొలువులో చేరాడు. బర్మాలో ఏ అడవిలో ఏ పిట్ట ఉంది, ఏ నదిలో ఏ తాబేలు ఉంది అన్నది చూసి, పట్టి, రాసి, లండన్‌కు పంపడం ఆయన పని. రాత్రి దోమతెరలో దీపం పెట్టుకుని పురుగుల్ని సీసాల్లో వేసేవాడట. ఒకసారి ఆ దోమతెర అంటుకుంటే ముందు సీసాల్ని బయటికి విసిరి, తరవాత తను దూకాడట. ఈ మాట చెప్పేటప్పుడు మా నాన్న ఒక్కసారి కూడా నవ్వలేదు.

మా తాతకు తాత కళింగపట్నం రేవులో ఓడెక్కి, ఇక్కడ బియ్యం బస్తాలు మోయడానికి వచ్చాడు. దాన్ని మేము దాచలేదు. వచ్చినవాళ్ళందరూ అందుకే వచ్చారు. కాని ఆయన చేప పొట్ట చీల్చి ఎండబెట్టే ఇంట పుట్టినవాడు. ఎంత చిన్న చేపనైనా తోలు చిరగకుండా విప్పేవాడు. దొరగారి దగ్గర పిట్టల తోలు వొలిచే మనిషి జ్వరంతో పోయినప్పుడు, రేవులో ఎవరో ఈయన చేతి సంగతి చెప్పారు. దొర ఒక లకుముకి పిట్టను చేతిలో పెట్టి, చెయ్యి అన్నాడు. ఆ సాయంత్రం నుంచి మా ఇంటి పెద్ద భుజం మీదికి బస్తా ఎక్కలేదు.

ఆ పని ఎలా చేసేవారో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ చెయ్యకపోయినా. రొమ్ము ఎముక కింద నుంచి తోక దాకా ఒకే గీత. చొక్కా చెయ్యి తిరగేసినట్టు తోలును తిరగేసి, మాంసం తీసేయాలి. లోపల తెల్లటి సబ్బు రాయాలి. దాన్ని దొర సబ్బు అనేవారు. అది రాస్తే ఏ పురుగూ ముట్టదు. దూది కూరి, కుట్టి, రెక్కలు సర్ది, కాళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి దారంతో కట్టాలి. ఆ దారానికే ఒక చీటీ. పిట్ట ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, మగదా ఆడదా అన్నది దొర తన చేత్తో దాని మీద రాసేవాడు. తీసిన మాంసం వంటలోకి పోయేది. దొర కూడా అదే తినేవాడు.

ఐరావతి పొడుగునా, చింద్విన్ మీద, మౌల్మీన్ అవతల కొండల్లో వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు తిరిగారు. మౌల్మీన్‌లో దొరసాని జ్వరంతో పోయింది. ఆ తరవాత దొర ఎవరితోనూ సరిగా మాట్లాడలేదంటారు. కలకత్తాలో పెద్ద దొరతో ఏదో తగవు పడి, కొలువు వదిలి, పెట్టెలు కట్టుకుని ఓడెక్కాడు. ఒక్క బీరువా మిగిలింది. టేకుతో చేసింది, పై నుంచి కింద దాకా లోతు లేని సొరుగులు, ఒక్కొక్కదానికి ఇత్తడి కడియం. సొరుగుల నిండా పిట్టలు వెల్లకిలా పడుకుని ఉండేవి. దాన్ని మా ఇంట్లో పెట్టి, దీన్ని కాపాడు, కబురు చేస్తాను అని చెప్పి వెళ్ళాడు. కబురు రాలేదు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ "దొరగారు ఇచ్చి వెళ్ళిన బీరువా" అనే అన్నాం.

పిట్టల తోలు వొలిచిన ఇల్లు అంటే మిగతా తెలుగువాళ్ళు మొదట మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ మాట పోయింది మా ముత్తవ్వ వచ్చాక. ఆమె తండ్రి రేవులో కూలీలను పెట్టే పెద్ద మేస్త్రీ. ఓడ దిగినవాడికి ఆయన చెయ్యి ఊపితేనే పని. మా ముత్తాత గుమాస్తా కొలువు చూసి ఇచ్చారు, అలాంటి ఇంటి పిల్ల మా ఇంట కాలు పెట్టింది. మొదటి దసరాకు ఇల్లు కడిగిస్తూ బీరువా తీయించింది. పిట్టల కాళ్ళకు కట్టిన చీటీలు చూసింది.

ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు అక్షరాలూ అంతంతే. కాని అది రాత అని తెలుసు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనుషులం మేము. చచ్చిన పిట్ట కాలికి సరస్వతిని కట్టి పెట్టెలో పెట్టారా అని ఆమె రెండు చెవులూ మూసుకుందట. ఈ ఇంట్లో లక్ష్మి నిలవక పోవడానికి ఇదే కారణం అంది. స్నానం చేసి, తడి చీరతో కూర్చుని, ఒక్కొక్క సొరుగూ లాగి, ఒక్కొక్క ముడీ విప్పింది. చీటీ చిరగనివ్వలేదు. అన్నింటినీ పసుపు గుడ్డలో పెట్టి సరస్వతి పూజలో ఉంచింది. దశమి నాడు పూలతో పాటు చిమిండైంగ్ రేవులో నదిలో కలిపింది. పిట్టల నుదుట కుంకుమ బొట్లు పెట్టింది. అవి అన్నం పెట్టిన పనిముట్లు కదా.

ఆ పని ఒక్క రోజులో కాలేదు. అన్ని సొరుగులూ అయ్యేసరికి మరికొన్ని దసరాలు పట్టాయి. ఆ తరవాత చీటీలు లేవు, బొట్లు మిగిలాయి. ఏటేటా కొత్త బొట్టు. మా మామ్మ పెట్టింది, మా అమ్మ పెట్టింది, తరవాత మా అక్క పెట్టింది. ఆ మొదటి దసరా నుంచి ఊరి తెలుగువాళ్ళు మా ఇంట భోజనానికి కూర్చున్నారు. మా ఇంటి శుద్ధి కథ అది. నేను దాన్ని ఎంతమందికి చెప్పానో.

బీరువా కోసమే మేము ఇక్కడ ఉండిపోయాం. జపాను యుద్ధంలో బాంబులు పడుతుంటే జనం కాలినడకన అరకాన్ కొండలు దాటి ఇండియా వెళ్ళారు. బీరువా వదిలి రానన్నాడు మా తాత. తరవాత దుకాణాలన్నీ ప్రభుత్వం తీసుకున్నప్పుడు మనవాళ్ళు ఓడల్లో వైజాగ్ వెళ్ళిపోయారు. మనిషితో పాటు గుడ్డల మూట తప్ప ఏదీ ఎక్కనివ్వలేదు. మా నాన్న రేవు దాకా వెళ్ళి, ఆఫీసరును అడిగి, వెనక్కి వచ్చాడు. చిన్నాన్నలు వెళ్ళారు. వాళ్ళ పిల్లలు అక్కడ ఏమయ్యారో నాకు తెలియదు. మేము దొరగారి మాట నిలబెట్టాం.

చిమిండైంగ్ బజారులో మాకు పేరు పడిపోయింది. పిట్టలోరు. నా చిన్నప్పుడు మర్యాదగా అనేవారు, ఇప్పుడు వేరేగా అంటారు. మందిరం దగ్గర టీ అంగడి పెట్టుకున్న మావ వరసాయన, నేను అటు వెళ్ళినప్పుడల్లా అడుగుతాడు.

"ఏటి బావూ, దొరగోరు కబురెట్టాడేటి?"

"పెడతాడు," అంటాను.

"ఓడ లేటయినట్టుంది." పక్కనున్న కుర్రాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు తెలుగు సగం అర్థమవుతుంది, వెక్కిరింపు పూర్తిగా అర్థమవుతుంది. నేను ఆ పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చోను. నిలబడి లఫెయె, అదే బర్మా టీ, తాగి, గ్లాసు కడిగే చోట పెట్టి వస్తాను.

ఈ సంవత్సరం వానలకు ముందు ఇంటి యజమాని మనిషి వచ్చాడు. నది పక్క వీధిలో మా పాత చెక్క ఇల్లు పడగొట్టి అంతస్తులు వేస్తారట. ఇల్లు మాది అనుకుంటూ పెరిగాం గాని, నేల ఎప్పుడూ మాది కాదు. ఇంకో పేట, మింగళ తౌంగ్‌న్యున్‌లో రైలు పట్టాల అవతల ఒక గది దొరికింది, మూడో అంతస్తు. మెట్లు ఎంత ఇరుకంటే అక్క చేత్తో గోడ పట్టుకుని పక్కకు తిరిగి ఎక్కాలి. బీరువా ఎక్కదు. కొలవకుండానే తెలిసింది.

అప్పుడు నాకు ఒక్కటే దారి కనిపించింది. ఊళ్ళో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే చోట చిన్న మ్యూజియం ఉంది. దొరగారి సొంత పిట్టలు అని తేలితే వాళ్ళు తీసుకుంటారు. తీసుకుంటే అద్దాల వెనక పెడతారు. కింద ఒక పలక మీద దొరగారి పేరు, దాని పక్కన మా తాతకు తాత పేరు. నేను కోరింది అంతే. ఇల్లు పోయినా, మందిరం పోయినా, ఎక్కడో ఒక గోడ మీద మా వాళ్ళు బస్తాలు మోసినవాళ్ళే కాదని రాసి ఉంటుంది. అది జరగకపోతే టీ అంగడి మావ చెప్పేదే మా చరిత్ర. నేను ఆ కాలేజీకి కబురు చేశాను. వాళ్ళ దగ్గర నుంచి ఒక సయామ వస్తానంది. సయామ అంటే బర్మా మాటలో పంతులమ్మ.

ఆమె ఒక ఉదయం వచ్చింది. నలభై దాటిన మనిషి, బుగ్గల మీద బర్మా ఆడవాళ్ళు పూసుకునే థనాకా చెక్క గంధం, భుజానికి సంచి. నన్ను ఊలే అని పిలిచింది, అంటే బాబాయ్ అని. కరెంటు లేదు. కిటికీ తలుపులన్నీ తెరిచి బీరువా దగ్గరికి కుర్చీ వేశాను. అక్క నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. ఆమె ముందు రబ్బరు తొడుగులు వేసుకుంది.

"డోడో, వీటిని మీరు ఉత్త చేతుల్తో ముట్టుకుంటారా?" అని అక్కను అడిగింది. డోడో అంటే పిన్ని.

"చిన్నప్పటి నుంచీ దులుపుతున్నాను. ఏం?" అక్కకు బర్మా మాట నా కంటే బాగా వచ్చు.

"ఆ రోజుల్లో పురుగు పట్టకుండా రాసే సబ్బులో విషం కలిపేవారు. ఎలుకల మందులో ఉండే విషం. ఇప్పటికీ ఉంటుంది."

అక్క తన చేతులు చూసుకుంది. తరవాత నా వైపు తిరిగి తెలుగులో, "ఇన్నాళ్ళూ ఏటీ కాలేదు గందా. ఇప్పుడేటి అవుతాది," అంది.

సయామ మొదటి సొరుగు లాగింది. కుర్చీలోంచి లేచి దాని మీదికి పూర్తిగా వంగింది. నాకు గుండె నిండింది. ఒక వడ్రంగి పిట్టను తీసి, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. కుట్టు చూసింది. "ఇది మంచి చెయ్యి," అంది. "ఇలాంటి కుట్టు ఇప్పుడు ఎవరూ వెయ్యరు."

"మా తాతకు తాత," అన్నాను.

"ఆ దొర గురించి నేను చదువుకున్నాను ఊలే. ఆయన రాసిన రెండు పెద్ద పుస్తకాల మీదే మా చదువు మొదలు." అని, ఆయన వెనక్కి వెళ్ళాక ఏమైందో చెప్పింది. మా ఇంట్లో ఎవరికీ తెలియని సగం అది. ఓడలో సముద్రపు నీళ్ళు దిగి పెట్టెలు చాలా పాడయ్యాయట. ఆయన కనిపెట్టిన తాబేలుకు కలకత్తా పెద్ద దొర ముందే పేరు పెట్టేశాడట. మిగిలిన పిట్టలు ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చుని పుస్తకాలు రాశాడు. వాటిని అచ్చు వేయించడానికి తన సొంత పిట్టల్నే ఒక ధనవంతుడికి ఇచ్చేశాడు. సముద్రం పక్కన ఒక అద్దె గదిలో పోయాడు. చివరి రోజుల్లో చూపు లేదు. తోలు తడిమి ఏ పిట్టో చెప్పేవాడట.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు. మా పెద్దలెవరైనా పోయిన కబురు విన్నట్టుంది. కబురు చేస్తానన్నవాడు చెయ్యకపోవడానికి కారణం ఇన్నాళ్ళకు తెలిసింది.

ఆమె రెండో సొరుగులో ఒక చిన్న పిట్టను చూసి ఆగిపోయింది. బూడిద రంగు పిట్ట, నుదుట ఎర్రటి మచ్చ. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. సంచిలో నుంచి పుస్తకం తీసి తిప్పింది.

"ఇలాంటి పిట్ట నేను ఎక్కడా చూడలేదు," అంది.

అక్క మెల్లగా, "అది బొట్టు," అంది.

"ఏమిటి?"

"మేము పెట్టింది. దసరాకి."

సయామ దూది తడిపి నుదుట అద్దింది. దూదికి ఎరుపు అంటింది. ఆమె ముఖంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. పిట్టను తిప్పి కాళ్ళు చూసింది. పక్క పిట్ట కాళ్ళు చూసింది. ఆ సొరుగంతా చూసి, కింద సొరుగు లాగి చూసింది.

"వీటి చీటీలు ఏవి ఊలే? వేరేగా దాచారా?"

నేను నిటారుగా కూర్చుని మా ముత్తవ్వ కథ చెప్పాను. ఎప్పుడూ చెప్పేలాగే చెప్పాను. తడి చీర, పసుపు గుడ్డ, సరస్వతి పూజ, నది. బర్మా వాళ్ళకు సరస్వతి కొత్త కాదు. వాళ్ళ పగోడాల్లోనూ ఆ తల్లి ఉంటుంది. అందుకే ఆమెకు అర్థమవుతుందనుకున్నాను. అర్థమైంది కూడా. ఆమె చేతిలో పిట్టను సొరుగులో పెట్టి, తొడుగులు తీసి, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"ఒక్కటి కూడా మిగల్లేదా?"

"ఒక్కటి కూడా లేదు. ఆమె పని ఎప్పుడూ సగంలో వదల్లేదు," అన్నాను. గొప్పగానే అన్నాను.

ఆమె పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. తరవాత నెమ్మదిగా, పిల్లాడికి పరీక్ష పోయిందని చెప్పే పంతులమ్మలా చెప్పింది. చీటీ లేని పిట్ట ఏ అడవిదో, ఏ కాలానిదో ఎవరూ చెప్పలేరు. ఈ దొరదో, మరో దొరదో, బజారులో కొన్నదో కూడా చెప్పలేరు. తోలు తోలుగా మిగులుతుంది. ఆ దొర పట్టిన పిట్టల్ని ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపట్టేది ఆయన చేతిరాతతోనే.

"కుట్టు ఉంది కదా," అన్నాను. "మంచి చెయ్యి అన్నావు."

"అన్నాను. కాని ఎవరి చెయ్యి అని అడిగితే నేనేం చూపించను?" ఇంకో సంగతి కూడా చెప్పింది, "అవతల దేశం మ్యూజియంలో ఉన్న ఆయన పిట్టల ఫోటోలు నేను చూశాను. కొన్ని చీటీల వెనక వొలిచిన మనిషి పేరు కూడా రాసి ఉంటుంది. అందరు దొరలూ రాయరు. ఈయన రాసేవాడు. మీ తాతకు తాతగారి పేరు ఉండేదో లేదో నాకు తెలియదు. ఉండి ఉండొచ్చు."

కింద వీధిలో జెనరేటరు మొదలైంది.

"మీ ముత్తవ్వగారు చీటీలు విప్పేటప్పుడు పిట్టలు వొలిచిన పెద్దాయన బతికే ఉన్నారా?" అని ఆమె అడిగింది.

"ఉన్నాడు. ఆ గుమ్మంలోనే కూర్చుని చూశాడట."

"ఏమీ అనలేదా?"

మా కథలో ఆ ముక్క కూడా ఉంది. మొదటి దసరా నాడు ముసలాయన గుమ్మంలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాడు, నోరు తెరవలేదు, ఆ పూట అన్నం తినలేదు. కోడలి భక్తికి కడుపు నిండిపోయిందని మా మామ్మ చెప్పేది. మేమంతా అలాగే చెప్పాం. సయామ అడిగాక ఆ మాట నా నోట్లో నుంచి రాలేదు. ఇంగ్లీషు వచ్చిన మా ముత్తాత ఆ సొరుగులు ఎప్పుడూ లాగి చూడలేదట, ఆ చీటీల మీద ఏముందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ముసలాయన ఒక్కడే. కోడలు రేవు మేస్త్రీ కూతురు. ఆమె వల్ల జనం గుమ్మం తొక్కుతున్నారు. మంచినీళ్ళు ముట్టని వాళ్ళు విస్తరి ముందు కూర్చోబోతున్నారు. ఆయన ఏమనగలడు?

"అన్నం తినలేదు," అని మాత్రం చెప్పాను.

వెళ్ళేముందు సయామ ఒక మాట అంది. పిల్లలకు చూపించడానికి పిట్టల్ని తీసుకోగలం. ముక్కు ఎలా ఉంటుంది, రెక్క ఎలా ఉంటుంది అని చెప్పడానికి పనికొస్తాయి. కాని పలక పెట్టలేం. దొర పేరు రాయలేం, మీ వాళ్ళ పేరు రాయలేం. బీరువాకు మా దగ్గర చోటు లేదు. నేను అక్కర్లేదన్నాను. మా ఇంటి పెద్దల పని పేరు లేకుండా ఎవరి బల్ల మీదా పడదు అన్నాను. ఆమె తల వంచి, చేతులు జోడించి దిగిపోయింది.

అక్క గ్లాసులు తీస్తూ అంది, "ఒరే, నీకు టైపు వచ్చు, చేతిరాత బాగుంటాది. పాత కాగితం బజార్లో దొరుకుతాది. నువ్వే రాసి కట్టెయ్యకూడదేటి?"

"ఏటి రాస్తాను?"

"మౌల్మీన్ అని రాయి. చింద్విన్ అని రాయి. వెనకాల తాతకి తాత పేరు రాయి. ఎవులికి తెలుస్తాది?"

"సయామకు తెలుసు గదా."

"మరో సయామ దగ్గరికెల్దాం. ఊరంతా సయామలే."

"నాకు తెలుస్తాది అక్కా."

అక్క గ్లాసులు పక్కన పెట్టింది. "నీకు తెలిసి ఏటి లాభం. నాన్నకి తెలిసి ఓడెక్కనేదు. తాతకి తెలిసి కొండ దాటనేదు. ఆ ముసిలోడికి తెలిసి నోరెత్తనేదు. మన ఇంట తెలిసినోళ్ళందరూ ఇలగే ఉన్నారు. ఆ మహాతల్లికి తెల్దు, ఆవిడొక్కర్తే అనుకున్నది చేసింది."

అక్క చెప్పింది తప్పు కాదు. అయినా దొర రాతను నేను రాయను. మాకు మిగిలిన మర్యాద అదొక్కటే. దాన్ని చూసేవాళ్ళు కూడా లేరు.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో రాయడానికి పెద్దగా లేదు. నేను బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. నల్లటి ఏట్రింత పిట్ట, పచ్చటి వంగపండు పిట్ట, చిలుకలు, పేరు తెలియని అడవి పిట్టలు. అన్నీ కళ్ళ స్థానంలో దూదితో పైకి చూస్తుంటాయి. ఒక్కొక్కటీ ఏదో ఒక రోజు, ఏదో ఒక చెట్టు మీద నుంచి పడింది. అప్పుడు కింద మా మనిషి నిలబడి ఉన్నాడు. ఇది నాకు నిజంగా తెలుసు. తెలుసని చెప్పడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. టీ అంగడి మావకూ నోరుంది.

ముత్తవ్వను తిట్టుకుందామని చూశాను, చేతకాలేదు. ఆమె అక్షరాన్ని అవమానం నుంచి కాపాడింది. ఆ అక్షరాల్లో మా ఇంటి పేరు ఉండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు గుమ్మంలో కూర్చున్నాడు. నదిని చూస్తే ఇప్పుడు నాకు పూజ గుర్తుకు రాదు. సిరా నీళ్ళలో కరిగి, ముందు అంచులు, తరవాత మధ్య, ఏమీ లేని కాగితం ఒకటి ఇసుక పడవల కింద తిరుగుతూ కనిపిస్తుంది. అటు వెళ్ళడం మానేశాను.

ఇల్లు ఖాళీ చెయ్యవలసిన వారం వచ్చింది. పిట్టల్ని ఏం చెయ్యాలో తోచలేదు. నదిలో కలుపుదామంది అక్క. విషం ఉందన్నారు కదా, చేపలు తినే జనం ఉన్నారు. కాలిస్తే ఆ పొగ ఇంకా చేటు అని సయామ చెప్పి వెళ్ళింది. గదిలో రెండు మంచాలు పడితే మనిషి తిరగడానికి చోటు లేదు. చివరికి నేనే సయామకు ఫోను చేశాను. మా పేరు అక్కర్లేదు, తీసుకెళ్ళండి అన్నాను. ఆమె ఏమీ గుచ్చి అడగలేదు. "రేపు వస్తాం ఊలే," అంది.

వాన పడుతుండగా చిన్న వ్యాను వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు, తొడుగులు, ముక్కులకు గుడ్డలు. నూడుల్స్ అట్టపెట్టెల్లో పాత పేపర్లు పరిచి పిట్టల్ని వరసగా పడుకోబెట్టారు. సయామ ప్రతి పెట్టె మీదా బర్మాలో ఒకటే మాట రాసింది: ఎక్కడిదో తెలియదు. అక్క చివరి సొరుగు ఇవ్వడానికి ముందు, అందరూ చూస్తుండగానే, తడి గుడ్డతో బొట్లన్నీ తుడిచింది. "పిల్లలు మళ్ళీ కొత్త పిట్ట అనుకుంటారు," అని సయామతో అంది. సయామ ఈసారి నవ్వింది. అక్కా నవ్వింది. నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు టీ అంగడి మావ మా వీధికి వచ్చాడు. వ్యాను సంగతి తెలిసినట్టుంది. ఎప్పటి ప్రశ్న వేస్తాడని నేను భుజాలు సర్దుకుని నిలబడ్డాను. ఆయన బోసి సొరుగుల్ని చూసి, నన్ను చూసి, "సామాన్లు మొయ్యడానికి మా ఓల్లని పంపనా బావూ?" అని అడిగాడు. అంత జాలి ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినలేదు. ఆ వెక్కిరింపే బాగుండేది. అది ఉన్నన్నాళ్ళూ మేము ఏదో అయి ఉన్నాం. అక్కర్లేదు, మనుషుల్ని మాట్లాడుకున్నాం అని చెప్పాను. ఎవరినీ మాట్లాడలేదు.

బీరువాను లత అనే చైనావాళ్ళ పేటలో ఒక చైనా మందుల దుకాణం వాళ్ళకు అమ్మాం. సొరుగులు ఎక్కువగా ఉన్నాయని తీసుకున్నారు.